గెలుపే గండమైన ఆట: హేలీ వికెన్‌హైజర్ కథ

కాప్రా నుంచి మాట్లాడుతున్నాను. మా కాప్రా చెరువు ఏ చలికాలంలోనూ గడ్డకట్టదు. ఇక్కడి పిల్లలకి స్కేటింగ్ అంటే చక్రాల బూట్లు, హాకీ అంటే మైదానం. మరి ఇక్కడ కూర్చుని ఐస్ హాకీ ముచ్చట ఎందుకంటారా? ఈ కథ తిరిగి తిరిగి చివరికి మన దేశానికే వస్తుంది, అందుకు.

హేలీ వికెన్‌హైజర్ 1978లో కెనడాలో షానవన్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పెరట్లో నాన్న తయారుచేసిన మంచు రింక్ మీద ఆట నేర్చుకుంది. ఆడపిల్లలకి జట్టు లేదు, మగపిల్లలతోనే ఆడింది. 1994లో, 15 ఏళ్ళకే జాతీయ జట్టులోకి వచ్చింది. ఆ ఏడాదే జట్టుతో ప్రపంచ ఛాంపియన్ అయింది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ ఐస్ హాకీ 1920లోనే మొదలైంది. ఆడవాళ్ళకి 1998 దాకా, అంటే 78 ఏళ్ళు, తలుపు తెరవలేదు. ఆ మొదటిసారి నగానోలో కెనడా ఫైనల్లో అమెరికా చేతిలో ఓడి వెండితో సరిపెట్టుకుంది. ఆ తర్వాత 2002, 2006, 2010, 2014... నాలుగుసార్లూ బంగారమే! నాలుగు జట్లలోనూ హేలీ ఉంది. మధ్యలో 2003లో ఫిన్లాండ్ వెళ్ళి, మగవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడి గోల్ కూడా కొట్టింది. 2017లో ఆట మానేసేనాటికి దేశం తరఫున 276 మ్యాచ్‌లు, 168 గోల్స్.

అయితే నా దృష్టిలో అసలు కథ ఈ పతకాల్లో లేదు. 2010 వాంకూవర్‌లో కెనడా స్లొవేకియాని 18–0తో ఓడించింది. గొప్పే కదా అనుకుంటాం. కానీ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు జాక్ రాగ్, మిగతా దేశాలు మెరుగుపడకపోతే ఈ ఆట ఒలింపిక్స్‌లో కొనసాగడం కష్టమని హెచ్చరించాడు. అంటే వాళ్ళ గెలుపే వాళ్ళ ఆటకి గండమైంది! ఎదురు నిలిచేవాళ్ళు లేకపోతే ఛాంపియన్‌కి విలువేముంది చెప్పండి?

ఆ ఏడాదే హేలీ వికెన్‌హైజర్ ఆడపిల్లల కోసం విక్‌ఫెస్ట్ అనే టోర్నమెంట్ మొదలుపెట్టింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. లద్దాఖ్‌లో చెరువులు గడ్డకట్టే ఆ కొద్ది వారాలే ఆడుకునే అమ్మాయిలతో, 2016లో భారత మహిళల జట్టు తొలిసారి అంతర్జాతీయ పోటీకి వెళ్ళింది. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4–3తో మొదటి గెలుపు. 2018 జనవరిలో హేలీ స్వయంగా లేహ్ వచ్చి వాళ్ళకి ఆట నేర్పింది. నవంబరులో మన జట్టు కెనడాలోని కాల్గరీకి, విక్‌ఫెస్ట్‌కి వెళ్ళింది. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన అమ్మాయిలు కాంస్యం తెచ్చారు.

ఆ కాంస్యం మన అమ్మాయిల కష్టమే, అందులో మాటే లేదు. నేను చెప్పేదల్లా ఒకటే: ఎక్కిన నిచ్చెనని లాగెయ్యకుండా కిందకి దించిన ఛాంపియన్లు తక్కువమంది. హేలీ ఆ తర్వాత చదువుకుని డాక్టరైంది. 2019లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ చోటు దక్కింది. కానీ పెరట్లో ఒంటరిగా మొదలైన ఆ అమ్మాయి, ఎక్కడో లేహ్‌లోని అమ్మాయిలకి తోడు నిలిచింది చూశారూ, నాకు పెద్ద పతకం అదే.