టిప్పు ఎవరి సొమ్ము? భోజనశాలల్లో వడ్డన పని, వాడుక, చట్టం

తెలుగునాట డబ్బిచ్చి అన్నం తినే ఆచారం హోటళ్ళకన్నా చాలా పాతది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటి ఇంట ఒక రూకకు దొరికే భోజనం వర్ణితమై ఉంది. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఒక పాత్రే. ఇటువంటి ఇళ్ళలో సాధారణంగా వండినవారే వడ్డించి, వారే సొమ్ము తీసుకునేవారు గనుక వడ్డించినందుకు విడిగా ఏమైనా ఇవ్వాలా అన్న మాట తలెత్తడానికి తావు లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫర్వాలేదన్న సామెతలో కనిపించే మనిషి కూడా చుట్టమే గాని జీతగాడు కాడు. తినేవారికీ యజమానికీ నడుమ జీతానికి పనిచేసే మూడో మనిషి వచ్చి నిలబడినప్పుడే టిప్పుకు, అంటే బిల్లుకు పైన తినేవారు తమంత తాముగా వదిలిపెట్టే డబ్బుకు, చోటు ఏర్పడింది.

ఆ మూడో మనిషి రెండు దారుల్లో వచ్చాడు. ఒకటి దొరల క్లబ్బులు, రైల్వే భోజనశాలలు, 1903లో బొంబాయిలో తెరిచిన తాజ్ వంటి పెద్ద హోటళ్ళ దారి. అక్కడ తలపాగా, నడుముపట్టీ ధరించిన బేరర్‌కు ఇచ్చేది బక్షీసు. పై అంతస్తు మనిషి కింది మనిషికి దయతో ఇచ్చేది కాబట్టి ఇవ్వకపోతే అడిగే హక్కు లేదు, ఇస్తే సలాము తప్పదు. రెండోది దక్షిణ కన్నడ ప్రాంతం నుంచి మద్రాసుకూ, తెలుగు పట్టణాలకూ విస్తరించిన ఉడిపి హోటళ్ళ దారి. వీటిలో సర్వర్లు చాలావరకు చిన్న వయసులో ఊరు విడిచి వచ్చినవారు. తిండీ పడకా హోటల్లోనే, జీతం నామమాత్రం. మద్రాసులో ఉడ్‌లాండ్స్ హోటల్ స్థాపించిన కె. కృష్ణారావు కూడా హోటల్లో పనికుర్రాడిగా మొదలుపెట్టినవారే, అయితే అందరి కథా అలా ముగియలేదన్నది వేరే చెప్పనక్కరలేదు.

టిప్పు ఎంత వస్తుందన్నది మనిషి మంచితనం కన్నా డబ్బు చేతులు మారే తీరు మీదే ఎక్కువ ఆధారపడింది. ముందుగానే గల్లా దగ్గర టోకెన్ కొనుక్కునే మీల్స్ హోటల్లో సర్వర్ చేతికి డబ్బే రాదు; హైదరాబాదు ఇరానీ హోటల్లో సర్వర్ లెక్క కేకవేసి చెబితే తిన్నవారు పోతూ పోతూ గల్లాలో కట్టేవారు, కనుక అక్కడా మిగిలేది తక్కువే. బిల్లు బల్ల దగ్గరికే వచ్చే హోటల్లో పద్ధతి వేరు. సోంపు పోసిన చిన్న పళ్ళెంలో బిల్లు, కాసేపటికి అదే పళ్ళెంలో చిల్లర. అనుభవమున్న సర్వర్ యాభై నోటును అలాగే తేకుండా పదులుగా మార్చి తెచ్చి, రెండడుగులు వెనక్కి జరిగి, పక్క బల్ల తుడుస్తున్నట్టు నిలబడతాడు. నోరు తెరిచి అడగకుండా అడిగే ఈ విద్యను ఏ యజమానీ నేర్పలేదు.

యజమానులు నేర్చుకున్నది మరొకటి: బయటి నుంచి వచ్చే ఈ డబ్బును లెక్కలో పెట్టుకొని జీతం తగ్గించడం. అమెరికాలో ఇది చట్టంగానే మారింది. అక్కడ వేతన చట్టానికి 1966లో చేసిన సవరణతో టిప్పులను కనీస వేతనంలో కొంతభాగంగా చూపే వీలు యజమానికి కలిగింది. టిప్పులు అందుకునే పనివారికి యజమాని నేరుగా ఇవ్వవలసిన సమాఖ్య కనీస వేతనం గంటకు 2.13 డాలర్ల దగ్గర 1991లో ఆగి, ఇప్పటికీ కదలలేదు. కొన్ని రాష్ట్రాలు దీనిని ఒప్పుకోకపోయినా, అక్కడికి వెళ్ళిన తెలుగువారిని ఆశ్చర్యపరిచే పదిహేను, ఇరవై శాతం టిప్పుల వెనుక ఉన్న లెక్క ఇదే. భారత న్యాయస్థానాలు ఇందుకు ఎదురుదారి పట్టాయి. జైపూర్‌లోని రాంబాగ్ ప్యాలెస్ హోటల్ వివాదంలో, సర్వర్లకు టిప్పులు వస్తున్నాయి గనుక కరువు భత్యం లెక్కలో వాటిని చూడాలన్న వాదాన్ని సుప్రీంకోర్టు 1976లో అంగీకరించలేదు. అతిథి ఇచ్చింది యజమాని ఇచ్చినట్టు కాదన్నది అందులోని తర్కం. క్రెడిట్ కార్డు ద్వారా వచ్చి, హోటల్ ఖాతాలో పడి, తర్వాత పనివారికి పంచిన టిప్పుల విషయంలోనూ 2016లో ఐటీసీ సంస్థ కేసులో అదే కోర్టు, అది జీతం కాదనీ, హోటల్ ఆ డబ్బును పనివారి తరఫున దాచి ఇచ్చిందే గనుక దానిపై యజమాని ముందుగా పన్ను కోయనక్కరలేదనీ తేల్చింది.

తీర్పులు ఇంత స్పష్టంగా ఉండగా పెద్ద రెస్టారెంట్లు తెచ్చిన సర్వీస్ ఛార్జి మళ్ళీ విషయాన్ని కలగాపులగం చేసింది. బిల్లుపై ఐదు నుంచి పది శాతం వరకు దానంతటదే కలిపే ఈ మొత్తం ప్రభుత్వానికి చెల్లే పన్ను కాదు, తినేవారు మనసు పుట్టి ఇచ్చే టిప్పూ కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న దీనిని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇవ్వగా, ఢిల్లీ హైకోర్టు మొదట స్టే ఇచ్చి, 2025 మార్చి 28న హోటల్ యజమానుల సంఘాల పిటిషన్లను కొట్టివేసి ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఇష్టపూర్వకంగా ఇచ్చే టిప్పుకు అడ్డులేదని చెప్పింది. ఈ పోరులో ఒకవైపు యజమానులు, మరొకవైపు ప్రభుత్వ సంస్థ నిలవగా, ఎవరి పేరు చెప్పి ఆ ఛార్జి వసూలయిందో ఆ సర్వర్లు తామై పిటిషన్ వేసినవారు కారు. ఇదే కాలంలో క్యూఆర్ కోడ్ చెల్లింపులు వచ్చి పళ్ళెంలో చిల్లరను చాలావరకు మాయం చేశాయి. బిల్లు ఎంతో అంతే పైసలతో సహా యజమాని ఖాతాకు చేరుతుంది. సర్వీస్ ఛార్జి పోయిన మేరకు మెనూ ధర పెంచుకోవడానికి యజమానికి అడ్డులేదు, ఆ పెరిగిన దానిలో సర్వర్‌కు ఎంత చేరాలో మాత్రం ఆ మార్గదర్శకాలు నిర్ణయించలేదు.