మగవాని సిగముడి

ఉగాదినాడు తలంటు పోసికొనుట మన ఇండ్లలో తరతరాలుగా వచ్చుచున్న ఆచారము. క్రిందటి ఉగాదికి మేము కోలారు జిల్లా వేమగల్‌లో బంధువుల ఇంట ఉన్నాము. ఆ ఇంటి మనుమడు అక్కడి పారిశ్రామికవాడలో పనిచేయుచున్నాడు. పెరటిలో పీట మీద కూర్చుండి, తలంటుకై తన సిగముడి విప్పినాడు. జుట్టు భుజములదాకా జారినది. చూచిన తండ్రి, "ఏమిరా, మగపిల్లోడివా, ఆడపిల్లవా?" అని కసరినాడు. నూనెగిన్నె పట్టుకొని నిలిచిన అవ్వకు తొంబది ఏండ్లు. ఆమె కొడుకువైపు చూచి, "మీ నాయనకు గూడా ఇట్లనే ఉండె గదరా! నేనే చిక్కు తీస్తా ఉంటి" అన్నది. తండ్రి మరి మాటాడలేదు. అవ్వ అన్న ఆ మాటయే మాచేత ఈ నాలుగు ముక్కలు వ్రాయించినది.

మగవానికి సిగ కొత్త కాదు. సాక్ష్యము మన భాషలోనే ఉన్నది. ఇద్దరు గట్టిగా తగవులాడుకొన్నచో "సిగపట్లు" అంటున్నాము. ఒకడు మనకు లోబడినచో "వాని పిలక మన చేతిలో ఉన్నది" అంటున్నాము. పాతవారి తిట్లలో "సిగతరగ" అనునది ఒకటి. పట్టుకొనుటకు సిగ లేనిదే సిగపట్లు ఎక్కడివి? సిగ తెగుట అవమానము కానిదే అది తిట్టు ఎట్లయినది?

మాటలు చాలవన్నవారికి రాళ్లున్నవి. కోలారు పూర్వము కువలాలపురము, గాంగుల తొలి రాజధాని. ఆ సీమలో పొలముగట్ల మీద, చెరువుకట్టల మీద వీరగల్లులు కనిపించును. పసులను కాపాడుటకు పోరి పడిపోయిన వీరులవి. వారిలో పలువురికి శిల్పి తలవెనుక ముడి చెక్కినాడు. కత్తి ఎంతయో, ముడి అంతే. రెండును మగతనపు గుర్తులే. అమరావతి శిల్పములలోని పురుషులకును నిండు జుట్టు, దానిని చుట్టిన తలపాగలు ఉన్నవి. విజయనగర కాలమునకు వచ్చుసరికి దర్బారు పెద్దలు పొడుగాటి కుళ్లాయి ధరించినారు. పదునారవ శతాబ్దపు లేపాక్షి చిత్రములలో వాటిని నేటికిని చూడవచ్చును.

అయితే అందరి సిగ ఒక తీరు కాదు. బ్రాహ్మణులు చుట్టును గొరిగించి నడినెత్తిన పిలక ఉంచినారు. చౌలకర్మలో ఏ గోత్రమువారు ఎన్ని శిఖలు, ఏ ప్రక్క ఉంచవలెనో పాత గ్రంథములు విధించినవి. వసిష్ఠులకు కుడిప్రక్కన ఒకటి, అంగిరసులకు ఐదు, భృగువులకు అసలే లేదు. కాపువారు, గొల్లవారు మొదలగు వ్యవసాయపు జనులలో జుట్టు పెంచి మెడ మీదనో, ప్రక్కగానో ముడివేసినవారు ఎందరో. కళ్లములో ధాన్యము కొలుచునపుడు మంగలికి మేర ముట్టెడిది. ఆ మేరకు ఏడాది పొడుగునా ఊరి తలలు, గడ్డములు అతని పూచీ.

మరి ఈ సిగ ఎట్లు పోయినది? మన దేశమున ఒకచోట వాదముగా, ఒకచోట అవసరముగా పోయినది. మదరాసు రాజధానిలో క్రైస్తవులైనవారు సిగ ఉంచుకొనవచ్చునా కూడదా అని మిషనరీలలో పెద్ద రగడ నడిచినది. ద్రావిడ భాషల వ్యాకరణము వ్రాసిన రాబర్ట్ కాల్డ్వెల్ 1867లో దీనిపై ఒక చిన్న పుస్తకమే వ్రాసి, సిగ మతచిహ్నము కాదు, దేశాచారమే అని వాదించినాడు. గణితవేత్త శ్రీనివాస రామానుజన్ 1914లో ఇంగ్లండుకు ఓడ ఎక్కుటకు ముందు తన పిలక తీయించుకొన్నాడు. బడులు, కచేరీలు, రైలు ప్రయాణములు పెరిగినకొలది క్రాపు కూడ పెరిగినది.

ఇతర దేశములలో రాజశాసనమే కత్తెర పట్టినది. చైనాలో మంచూ ప్రభువులు 1645లో మగవారందరును ముందుతల గొరిగించి వెనుక జడ వేసికొనవలెనని ఆజ్ఞాపించిరి, కాదన్నవారికి మరణదండన. 1911 విప్లవము వచ్చిన పిదప ఆ జడనే వీధులలో బలవంతముగా కత్తిరించిరి. జపానులో 1871లో సిగ తీయుటకు ప్రభుత్వము అనుమతి ఇచ్చినది. 1873లో చక్రవర్తియే క్రాపు చేయించుకొన్నాడు. నేడు అక్కడ సిగను నిలిపి ఉంచినవారిలో ముఖ్యులు సుమో మల్లులు.

మన కోలారు సీమలో శాసనమేమియు లేదు. అవ్వ చెప్పిన సంగతి ఇది. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన నాటినుండి బంగారు గనులు చుట్టుప్రక్కల జనమును పనికి లాగినవి. ఆమె భర్తయు, గనులు 1956లో మైసూరు ప్రభుత్వము క్రిందికి వచ్చిన రోజులలో, అక్కడికి కూలికి పోయినాడు. కొన్ని నెలలకు క్రాపుతో తిరిగి వచ్చినాడు. ఎవరైన తీయమన్నారా అని ఇంటివారు అడిగిరి. లేదట. తోడివారు "పల్లెటూరి సిగ" అని నవ్విరట, అంతే. కోసిన జుట్టును గుడ్డలో చుట్టి తెచ్చినాడు. అతని తల్లి ఆ పూట అన్నము తినలేదు. ఆ మూటను పసుపుగుడ్డలో ముడుపు కట్టి, ఏడుకొండలవానికి చేర్చిన తరువాతనే కొడుకుతో మాటాడినది.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. ఆ నవ్వు మాత్రము మూతపడలేదు. అప్పుడు సిగ ఉన్నదని నవ్వినారు; ఇప్పుడును సిగ ఉన్నదనియే నవ్వుచున్నారు.

పాతదంతయు బంగారమని మేము చెప్పబోము. సిగ తీరును బట్టి కులము గుర్తించి మనిషిని దూరముంచిన దినములవి. అదే ఊరి మంగలికత్తి కొందరి తలను తాకుటకే నిరాకరించినది. మగవాడు పిలక పోయినదని దుఃఖించిన ఇంటిలోనే, భర్త పోయిన పదునైదేండ్ల పిల్లకు బలవంతముగా తల గొరిగించినారు. ఆమె కన్నీటిని లెక్కపెట్టినవారు తక్కువ. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో తొలి వితంతు వివాహము జరిపించుట ఎంత సాహసమో ఇందువలన తెలియును. కావున సిగ మంచిదా, క్రాపు మంచిదా అనునది అసలు ప్రశ్న కాదు. తల ఎవరిది, దానిమీద అధికారము ఎవరిది అనునదే ప్రశ్న.

నేటి యువకులు సినిమా తారలను, ఫుట్‌బాల్ ఆటగాండ్రను చూచి సిగ పెంచుచున్నారు. తాతలను చూచి కాదు. అయినను తాతల ముడి తెలిసినవారు కనుక అవ్వలు చెప్పు నాలుగు మాటలు వినుట మంచిది. జుట్టు నెలకు సుమారు అర అంగుళము పెరుగును. చక్కని ముడికి పది అంగుళములు కావలెనన్న ఇరువది నెలల ఓపిక కావలెను. వారమునకు ఒకటి రెండుసార్లు కుంకుడుకాయతోనో సీకాయతోనో రుద్దుకొనవలెను. తడి ఆరకముందే ముడివేయరాదు. లాగి బిగించి కట్టరాదు. ఏండ్ల తరబడి అట్లు కట్టినచో నొసటిప్రక్క జుట్టు రాలి మరల మొలవకపోవచ్చును. యంత్రముల దగ్గర పనిచేయువాడు సిగను టోపీలోనికి దోపుకొని తీరవలెను. అక్కడ ముచ్చట కన్న ప్రాణము ముఖ్యము.

ఆనాడు తలంటు ముగిసినది. అవ్వ మనుమని జుట్టు ఆరబెట్టి, దువ్వి, వ్రేళ్లతో రెండు మెలికలు తిప్పి ముడివేసినది. అరువదేండ్ల తరువాత కూడ ఆ వ్రేళ్లు మరువలేదు. తండ్రి దూరమునుండి చూచుచునే ఉన్నాడు. కొంతసేపటికి వచ్చి, "మా నాయన ముడి ఇట్లే ఉండెనా అమ్మా?" అని అడిగినాడు. ఆమె "ఇంకా లావుగా ఉండె" అన్నది.

ఊరు విడిచి వచ్చిన మనము భాషను, పండుగను కాపాడుకొనుటకు ఈ సంఘము పెట్టుకొన్నాము. పిల్లలు తమకు తెలియకయే మన పాత వస్తువు నొకదానిని ఎత్తుకొన్నపుడు, వారిని చూచి నవ్వకుందము. దాని కథ చెప్పుదము. ఉంచుకొందురో, తీయించుకొందురో వారి ఇష్టము. ఈ నూతన సంవత్సరము మన ఇండ్లలో పెద్దలకు జ్ఞాపకమును, పిల్లలకు స్వేచ్ఛను సమముగా ప్రసాదించుగాక!