కాదని చెప్పు విద్యుత్తు

నెల్లూరు నుండి కావలికి రైలులో పోవువారికి బిట్రగుంట సుపరిచితము. ఆవిరి యింజన్ల కాలమున అచ్చటి లోకోషెడ్డుకు గొప్ప పేరుండెడిది. అట్టి స్టేషనులలో ఇనుప పట్టాలు బండిని మోయుటయే గాక, బండి జాడను కూడ తెలుపగలవు.

ఈ ఉపాయమునకు 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పేటెంటు పొందెను. పట్టాల గుండ కొద్దిపాటి విద్యుత్తు ప్రవహించి ఒక రిలేను పట్టియుంచును. బండి రాగానే దాని చక్రములు రెండు పట్టాలను కలుపును; విద్యుత్తు రిలేను చేరదు; రిలే పడిపోవును; సిగ్నలు ఎరుపగును. తీగ తెగినను, బ్యాటరీ ఉడిగినను ఫలితమదియే. బండి ఉన్నచో విద్యుత్తు లేదు. బండి లేనిచో విద్యుత్తు కలదు. ప్రయాణికుల ప్రాణములు ఈ తలక్రిందుల లెక్కను నమ్ముకొనియున్నవి.

ఉన్నదానికి లేదని, లేనిదానికి ఉన్నదని బదులిచ్చు వలయమునే గణనయంత్ర శాస్త్రమున ఇన్వర్టరందురు. కరెంటు పోయినపుడు ఇండ్లలో దీపము వెలిగించునది వేరు. తొలినాటి ఎలక్ట్రానిక్ ఇన్వర్టర్లలో ఒక చిక్కుండెను: రెండు బదుళ్లలో ఏదో ఒకటి చెప్పుచున్నంతసేపు విద్యుత్తు ఊరక ఖర్చగుచుండెడిది. అట్టివి వేలకొలది ఒకచోట చేరినచో వేడిమి భరింపరానిదగును.

1963లో ఫెయిర్‌చైల్డ్ సంస్థయందు ఫ్రాంక్ వాన్లాస్ దీనికి విరుగుడు కనుగొనెను. 1967లో పేటెంటు లభించెను. అదియే సీమాస్.

మన చెరువు తూములతో దీనిని పోల్చవచ్చును. ఒక చిన్న తొట్టికి పైన నీరు వచ్చు తూము, క్రింద నీరు పోవు తూము ఉన్నవనుకొనుడు. రెండింటికిని మీట ఒక్కటే. మీట ఎత్తినచో క్రిందిది తెరచుకొని పైది మూయబడును. తొట్టి ఖాళీ యగును. దించినచో పైది తెరచుకొని క్రిందిది మూయబడును, తొట్టి నిండును. పైనుండి క్రిందికి నీరు సూటిగా పారిపోదు. మార్పు జరిగినపుడే నీటి ఖర్చు. సీమాస్‌లో ఆ తూములు రెండు భిన్నజాతుల ట్రాన్సిస్టర్లు, తొట్టిమట్టమే బదులు. కొద్దిపాటి కారుడు మాత్రము తప్పదు.

1968లో ఆర్‌సీఏ సంస్థ ఇట్టి వలయములను విపణికి తెచ్చెను. బొత్తమంత బ్యాటరీతో చేతిగడియారము ఏండ్ల తరబడి నడచుటకును, గోరంత చిప్పులో కోట్లకొలది ట్రాన్సిస్టర్లు ఇముడుటకును ఈ పొదుపే ముఖ్యకారణము.

పట్టాలపై ఎడతెగక పారు విద్యుత్తు వృథా కాదు. అది కావలివాని జీతము. లెక్కలు వేయు యంత్రమునకు అట్టి కావలి అక్కరలేదని గుర్తించుటయే వాన్లాస్ ఘనత.