జొన్నగిరి బంగారము

కర్నూలు మండలమున గుత్తి నుండి పత్తికొండకు పోవు మార్గమున ఎర్రగుడి యను గ్రామము గలదు. దాని చెంతనున్న గుట్ట బండలపై అశోకుని శాసనములు 1928–29 ప్రాంతమున అనూ ఘోష్ అను భూగర్భ శాస్త్రవేత్త కంటబడినవి. ఆంధ్రదేశమున అశోకుని పదునాలుగు శిలాశాసనములు గల చోటు అదియే. అంతకు మునుపు, 1915లో, అశోకుని పేరు స్పష్టముగా గల మస్కి శాసనమును హైదరాబాదు సంస్థానమున కనుగొన్న బీడన్ కూడ బంగారు గనుల ఇంజనీరే. రాళ్లను పరీక్షింప వచ్చినవారికి రాజవాక్యములు లభించుట రెండుమార్లు సంభవించినది. ఇది కేవలము యాదృచ్ఛికము కాదు. మౌర్యుల శాసనములు దక్షిణమున పెక్కుచోట్ల బంగారు నేలలకు దాపుననే యున్నవి.

చిత్రదుర్గ మండలములోని బ్రహ్మగిరి, సిద్ధాపుర శాసనములు సువర్ణగిరి నుండి ఆర్యపుత్రుడును మహామాత్రులును పంపిన ఆజ్ఞలు. ఆ సువర్ణగిరి యెక్కడ? జొన్నగిరియే యని కొందరు, మస్కి దాపుననున్న కనకగిరి యని కొందరు. స్వర్ణగిరి జొన్నగిరి యైనదని జొన్నగిరి పక్షమువారు చెప్పుదురు. జొన్నచేలు విస్తారముగా గల ఆ సీమలో రైతుకు ఈ వ్యుత్పత్తితో పనిలేదు. పేరును బట్టి రాజధానిని నిర్ణయించుటకంటె నేలను బట్టి విచారించుట మేలు.

జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి పొలములలో పాతగుంటలు కలవు. పూర్వులు బంగారమునకై త్రవ్వి విడిచిన గోతులివి. దక్కనులోని ఇట్టి గనులలో రాతిని మంటపెట్టి కాల్చి, నీరు చల్లి పగులగొట్టెడివారు. ముక్కలను రాతిగుంటలలో నూరి, పొడిని నీట కడిగి రజమును తీసెడివారు. రాయచూరు మండలములోని హట్టిలో వారు 600 అడుగులకు పైగా దిగిరి. అచట దొరికిన కొయ్యలు సుమారు రెండువేల యేండ్ల నాటివని పరీక్షలలో తేలినది. పంపులు లేవు, మందుగుండు లేదు. గాలి వెలుతురు లేని ఆ లోతున పనిచేసినవారి పేరు ఒక్కటియు నిలువలేదు.

ఇక్కడి శిలలు 250 కోట్ల సంవత్సరములకు పైబడినవి. 1880 దశకమున రాబర్ట్ బ్రూస్ ఫూట్ బళ్లారి, అనంతపురము మండలములలో సంచరించి, ఇట్టి శిలాపంక్తులకు ధార్వాడ శిలలని పేరిడి, దక్షిణదేశపు బంగారమునకు ముఖ్యస్థానము ఇవియే యని 1888లో ప్రకటించెను. భూమి లోతుల నుండి వేడినీరు, శిలలు నలిగి చీలిన త్రోవలవెంట పైకి వచ్చుచు బంగారమును తెచ్చి, వెలిచెకుముకి నరములలోను పక్కరాతిలోను విడిచినది. పైభాగమున గాలికి వానకు రాయి చివికి, రజము విడివడి యుండును. అది చేతిపనికి లొంగును. దిగువన బంగారము సూక్ష్మరేణువులై గంధకపు ఖనిజములతో కలిసియుండును. పైగా నీరు ఊరును. పూర్వులు చాలచోట్ల ఆగినది ఈ యెల్లయొద్దనే. దిగువనున్న బంగారమును రాబట్టు సయనైడు ప్రక్రియ 1887లో గాని కనిపెట్టబడలేదు.

అందుచేత ఆధునికులు తొలుత వెదకునది బంగారమును గాదు, పాతగుంటలను. కోలారులో 1802లో లెఫ్టినెంటు వారెన్‌కు దారి చూపినది గ్రామస్థుల చేతిపనియే. 1873లో లవెల్ అనుమతి కోరినదియు ఆ జాడవెంటనే. జొన్నగిరిలోను భారత భూగర్భ పరిశోధన శాఖవారు గుంటల వరుసను పటమునకెక్కించి, అడ్డముగా కందకములు త్రవ్వి, బోర్లు దింపి, రాతికమ్మీలను తీసి పరీక్షించిరి. ఒక బోరులో బంగారము తగిలినంత మాత్రమున గని కాదు. నరము పొడవెంత, మందమెంత, టన్నుకు పాలెంత యన్నది పక్కపక్కన బోర్లు వేసి లెక్కకట్టవలెను. ఇచటి పాలు టన్నుకు ఒకటి రెండు గ్రాములు. టన్నుకు గ్రామున్నర చొప్పున, తరుగు లేదనుకొన్నను, ఒక తులమునకు దాదాపు ఎనిమిది టన్నుల రాయి నలుగవలెను. జొన్నగిరి చిరకాలము పటములమీద గనిగానే మిగులుటకు హేతువు బంగారము లేమి కాదు, ఈ గణితమే. ఒక ప్రైవేటు సంస్థకు 2013లో గని కౌలు దొరికిన పిమ్మటను భూమి, అనుమతులు, యంత్రశాల పనులు మరి పదేండ్లు పట్టినవి.

ఆ నేలకు మరియొక ప్రసిద్ధియు గలదు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రములకై జనము వంగి వెదకుచుందురు. వారికి ఎర్రగుడి బండతో నిమిత్తము లేదు. ధర్మయాత్రలను గూర్చిన ఎనిమిదవ శాసనమున, చక్రవర్తి వృద్ధులను దర్శించి వారికి హిరణ్యము పంచెనని యున్నది. ఆ హిరణ్యము ఏ గుంటనుండి వచ్చినదో, ఎవరు త్రవ్విరో శాసనము చెప్పదు.