ఆసుపత్రి ఎవరికి దగ్గర? ఎవరికి దూరం?

ఊరు ఎక్కడుండాలె, వాడ ఎక్కడుండాలె అన్నది ఈ దేశంలో ఎన్నడూ వట్టి భూగోళ విషయం కాదు. ఎవరు చెరువు దగ్గరుండాలో, ఎవరు పొలిమేర అవతలుండాలో కులమే నిర్ణయించింది. ఆసుపత్రి స్థలాన్ని కూడా ఈ కంటితోనే చూడాలె.

హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రినే తీసుకుందాం. సూర్యాపేట, కోదాడ పేదలకు అది పరాయిది కాదు. ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేస్తే చేరే పెద్ద దవాఖానల్లో అదొకటి.

1908 సెప్టెంబర్‌లో మూసీ వరద అఫ్జల్‌గంజ్‌ను ముంచింది. అక్కడి పాత దవాఖాన దెబ్బతిన్నది. అయినా నిజాం సర్కారు కొత్త దవాఖానను ఊరవతలికి నెట్టలేదు. ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టి వరదకు అడ్డుకట్ట వేసింది. విన్సెంట్ ఎష్ రూపకల్పనలో 1925 నాటికి అదే మూసీ ఒడ్డున ఉస్మానియా లేచింది. ఇదంతా పేదల మీద ప్రేమతో జరిగిందని అనుకోనక్కర్లేదు. ఆ పాలనలోనే వెట్టిచాకిరి దళితుల వెన్ను విరిచింది. కానీ ఆ చోటు మాత్రం పేదలకు కలిసొచ్చింది. 1994లో దగ్గర్లోనే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వచ్చినంక, సూర్యాపేట బస్సు దిగినవాళ్లు ఆటో కిరాయి లేకున్నా నడిచి చేరగలిగిన్రు. మిర్యాలగూడలో రైలెక్కినవాళ్లకు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే గాంధీ ఆసుపత్రి ఉండేది. 2003లో అది ముషీరాబాద్ పాత జైలు స్థలానికి మారింది.

2015లో ఉస్మానియా పాత భవనాన్ని కూల్చాలని ప్రభుత్వం తలపెట్టింది. వారసత్వ కట్టడమని చాలామంది అడ్డుపడ్డరు. 2020 జులై వానలకు వార్డుల్లోకి నీళ్లొచ్చినయి, పాత భవనానికి తాళం పడ్డది. 2025 జనవరి 31న గోషామహల్‌లో సుమారు 26 ఎకరాల్లో, 2,000 పడకల కొత్త ఆసుపత్రికి ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేసిన్రు.

పదేండ్ల ఈ చర్చలో గుమ్మటాల గురించి విన్నాం, మైదానం గురించి, ట్రాఫిక్ గురించి విన్నాం. బస్సు దిగిన రోగి ఎట్ల చేరాలె? వెంట వచ్చినామె రాత్రి ఎక్కడ పండాలె? తెల్లారకముందే వార్డు ఊడ్వడానికి వచ్చే, ఎక్కువగా దళితులైన, సఫాయి కార్మికులు ఎట్ల రావాలె? ఈ ప్రశ్నలు పెద్దగా వినపడలేదు. గోషామహల్ బస్‌స్టేషన్‌కు మరీ దూరం కాదు, నిజమే. కానీ నడక దూరం వేరు, ఆటో దూరం వేరు. కూలి పోగొట్టుకొని వచ్చినవాళ్లకు ఈ తేడా తెలుసు.

2016లో సూర్యాపేట జిల్లా అయింది, 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఇక హైదరాబాద్ దాకా పోకుండా బతికే అవకాశం పెరగాలె. అయితే కొత్త సంస్థ ఏ ఊరికి వచ్చినా అధికారులు ముందు వెతికేది సర్కారు భూమిని. అది చాలాచోట్ల దళితులు దున్నుకుంటున్న అసైన్డ్ భూమే. అట్లాంటి భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పిచ్చింది. ఆ తీర్పు మన కార్యకర్తల సంచీలో ఉండాలె.

ఆసుపత్రి వద్దని ఎవరం అనం. అది అందరికంటే ముందు మనకే కావాలె. అందుకే శిలాఫలకం పడినంక కాదు, స్థలం చూసే రోజే వాడ మనిషి అక్కడ ఉండాలె. ఎవరి భూమి పోతున్నది, బస్టాండు నుంచి ఎంత నడక అని అడగాలె.