సుఖం లేని సుఖవ్యాధులు

సుఖవ్యాధి అన్న మాట మీకు కొత్త కాదు. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్కన రాసిన ప్రకటనల్లో చదివే ఉంటారు. ఆ ప్రకటనలు చాలావరకు మగవారిని ఉద్దేశించినవే. ఈ పేరు పెట్టినవారెవరో గాని, జబ్బు పడిన స్త్రీని అడిగి పెట్టినట్లు లేదు.

1868లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. సైనికులను సిఫిలిస్, గనేరియాల నుంచి కాపాడడం దాని లక్ష్యం. వేశ్యావృత్తిలోని స్త్రీలు పేర్లు నమోదు చేయించుకుని, పరీక్షకు హాజరు కావాలి. జబ్బు కనిపిస్తే లాక్ హాస్పిటల్‌లో నిర్బంధిస్తారు. వారి వద్దకు వెళ్లే పురుషులకు ఆ చట్టం పరీక్ష విధించలేదు. 1888లో అది రద్దయింది.

ఆ తర్వాత చాలాకాలం ప్రభుత్వ వైద్యం గ్రామీణ స్త్రీని గర్భం, కాన్పు, కుటుంబ నియంత్రణ సందర్భాల్లోనే పలకరించింది. మిగతా రోజుల్లో ఆమెకేమవుతోంది?

ఈ ప్రశ్న వేసినవారు రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు. తూర్పున ఛత్తీస్‌గఢ్, దక్షిణాన మన తెలంగాణ సరిహద్దులుగా ఉన్న గడ్చిరోలి జిల్లా వారి కార్యక్షేత్రం. సిరోంచ వైపు వెళితే మీకు తెలుగే వినిపిస్తుంది. ఆ జిల్లాలోని వాసా, అమిర్జా గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి, ఫలితాలను 1989 జనవరిలో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకు ముందు అలాంటి పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే! కనిపించిన వ్యాధుల్లో దాదాపు సగం జననాంగ ఇన్‌ఫెక్షన్లు. ఇవన్నీ లైంగికంగా సోకినవే అనుకోకండి. క్యాండిడా వంటివి సంపర్కం లేకుండానూ వస్తాయి. పాపం, తెల్లబట్ట అవుతోందని చెప్పగానే ఆమె నడతను శంకించేవారికి ఈ సంగతి తెలియదు.

మరి సుఖానికి దెబ్బ ఎలా తగులుతుంది? ట్రైకోమొనాస్ దురద, మంట, దుర్వాసన తెస్తుంది. క్లమీడియా, గనేరియా క్రిములు గర్భాశయ ముఖద్వారం దగ్గర మొదలై పైకి పాకితే గర్భాశయం, అండవాహికలు వాస్తాయి. మచ్చలు మిగులుతాయి. పొత్తికడుపు నొప్పి నెలల తరబడి వదలదు, కలయిక సమయంలో లోతున పోటు పెడుతుంది. నొప్పి వస్తుందన్న భయంతో శరీరం ముందే బిగుసుకుంటుంది. కోరిక తగ్గుతుంది. భర్త దాన్ని అయిష్టం అనుకుంటాడు. ఆమె కారణం చెప్పలేదు, ఎందుకంటే చెబితే మొదటి అనుమానం తన మీదకే వస్తుంది. అండవాహికలు మూసుకుపోతే గొడ్రాలన్న నింద కూడా ఆమెకే.

1994 కైరో సదస్సు తర్వాత ప్రపంచ దేశాల ఆలోచన మారింది. 1997లో మన దేశంలో మొదలైన పునరుత్పత్తి, శిశు ఆరోగ్య కార్యక్రమంలో ఈ ఇన్‌ఫెక్షన్లకూ చోటు దక్కింది. లక్షణాలను బట్టి మందులిచ్చే పద్ధతి పల్లె ఆసుపత్రులకు చేరింది. అయితే క్లమీడియా సోకిన స్త్రీలలో ఎక్కువ మందికి లక్షణాలే ఉండవు. అటువంటివారిని పట్టుకోవాలంటే ప్రయోగశాల పరీక్ష కావాలి. ఇక చికిత్స ఆమె ఒక్కతే తీసుకుంటే, భర్త నుంచి అదే క్రిమి మళ్లీ సోకుతుంది. మందుల చీటీ రెండు పేర్ల మీద రాయాల్సిన జబ్బు ఇది. రెండో పేరు గల ఆసామి ఆసుపత్రి గడప తొక్కడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.