బోధన్‌లో చెల్లిన రూపాయి
కొత్త క్రిప్టో నాణెం పుట్టించడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. ఓ టెలిగ్రామ్ గ్రూపు, దానికో పేరు, ఓ బొమ్మ ఉంటే సాయంత్రానికల్లా నాణెం సిద్ధం. ఇదేదో లోకం ఎరగని వింత అనుకునేవాళ్లు నిజాం రాజ్యపు టంకశాలల సంగతి ఒకసారి చూడాలి. ఒకప్పుడు గద్వాల, నారాయణపేటల్లో ఎవరి రూపాయి వాళ్లే కొట్టుకునేవారు. ఔరంగాబాద్‌లో పార్శీ సావుకారు పెస్తన్‌జీ కొట్టించిన రూపాయికి పెస్తన్‌షాహీ అన్న పేరే పడింది. ఎవరి నాణెం వాళ్ల ఎల్లలో బాగానే చెల్లేది. ఎల్ల దాటితే షరాబు వట్టం కోసుకునేవాడు. సర్కారుకే అప్పులిచ్చిన పెస్తన్‌జీ కొఠీ, ఆ బాకీ రాక 1840ల్లో కూలిపోయింది. జిల్లాల టంకశాలలను నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ మూయించాక సర్కారు సొంత నాణెం హాలీ సిక్కా ఒక్కటే మిగిలింది.

నాణేన్ని ఎవరు కొట్టారన్నది కాదు, తిరిగి ఎవరు పుచ్చుకుంటారన్నదే దాని ఆయుష్షు అని నా వాదన. ఇందూరు అనే పాత పేరున్న నిజామాబాద్ ప్రాంతమే చూడండి. 1931 నాటికి మంజీరపై నిజాంసాగర్ పూర్తయింది, ఆ నీటికి చెరకు పెరిగింది, 1938లో బోధన్ ఫ్యాక్టరీలో గానుగ మొదలైంది. చెరకు డబ్బు హాలీలోనే రైతు చేతికొచ్చేది. శిస్తు, నీటి తీరువాల రూపంలో మళ్లీ ఖజానాకే చేరేది. హాలీ రూపాయిపై చార్మినార్ బొమ్మ, దాని ద్వారంలో ఉస్మాన్ అలీఖాన్ పేరుకు గుర్తుగా ‘అయిన్’ అక్షరం అందంగానే ఉంటాయి కానీ రూపాయిని నడిపించింది ఈ రాకపోకే.

నడిపించింది అందులోని వెండి కాదా అనొచ్చు. కొంత నిజమే. ఆరు కల్దారు (బ్రిటిష్ ఇండియా) రూపాయలకు ఏడు హాలీ రూపాయలన్న మారకం రెండింటి వెండి తేడాకు దాదాపు సరిపోతుంది. అయితే 1918 నుంచి వచ్చిన హాలీ నోట్లలో వెండి ఎక్కడుంది? అవీ అదే లెక్కన చెల్లాయి. సర్కారు అండ లేకుండానే 2009 నుంచి బిట్‌కాయిన్ బతకలేదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. బతికింది, కాదనను. దాని సంఖ్య 2.1 కోట్లు దాటదన్న కట్టుబాటును లోకమంతా నమ్మింది. ఒక గ్రూపు పుట్టించే నాణేనికి ఆ నమ్మకం అరువు రాదు. దాని నకలును పక్క గ్రూపు మర్నాడే దింపగలదు. పైగా మన దేశంలో క్రిప్టో లాభంపై 2022 నుంచి విధిస్తున్న 30 శాతం పన్ను కట్టాల్సిందీ రూపాయల్లోనే.

హాలీ కూడా పోయింది. 1948లో నిజాం పాలన పోయింది, 1950లో భారత రూపాయి వచ్చింది. అయినా ఏడు హాలీలకు ఆరు రూపాయలన్న లెక్క నిలబడింది కనుక బోధన్ రైతు దాచుకున్న సొమ్ము బూడిద కాలేదు. కొత్త నాణెం పెట్టేవాళ్లను నేను అడిగేది ఇదొక్కటే: గ్రూపు మూతపడితే ఆ ఏడింటికి ఆరు ఇచ్చేదెవరు? ఆ పేరు మొదటి రోజే రాసిపెట్టాలి.